మాట్ల తాత పుల్లల డబ్బా

మొన్న పొద్దున మా వీధిలోకి ఒక స్కూటర్ వచ్చింది. దానికి కట్టిన మైకులో ఒక ఆడగొంతు, "పగిలిన ప్లాస్టిక్ బిందెలు, బకెట్లు, డ్రమ్ములు అతికించబడును" అని చెప్పిందే చెబుతోంది. పప్పు కడుగుతున్నదాన్ని తడిచేతులతోనే బయటికి పరుగెత్తాను. నా చేతిలో బిందె లేదు, బకెట్టూ లేదు. స్కూటర్ అతను ఆగి నా వైపు చూశాడు. ఏమీ లేదని చెయ్యి ఊపాను. మైకులో గొంతు ఎంతో మర్యాదగా ఉంది. ఒక్క మాట కూడా నన్ను తిట్టలేదు. అందుకే మాట్ల తాత గుర్తొచ్చాడు.

ఆయన పోయి ఏడాది దాటింది. ఆయన పేరు నేను రాయను. రాసినా ఎవరూ గుర్తుపట్టరు. ఆ పేరు ఓటరు కార్డులో తప్ప ఇంకెక్కడా ఉండేది కాదు. మా ఊళ్లోనూ, కొత్తచెరువు చుట్టుపక్కల పల్లెల్లోనూ ఆయన మాట్ల తాతే. ఇత్తడి బిందెకో రాగి చెంబుకో చిల్లు పడితే, ఒక కడ్డీని కరిగించి ఆ చిల్లు మూస్తారు. దాన్నే మాటు వేయడం అంటాం. నేను ఐదో తరగతి దాకే చదివాను, ఒక మనిషి గురించి రాయడం ఇదే మొదలు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు కాబట్టి ఆయన నోటి దగ్గర మొదలుపెడతాను. మా వీధిలోకి ఆయనకంటే ముందు ఆయన నోరే వచ్చేది.

"మాట్లే... బిందెలకు మాట్లే... ఏమ్మే, పండుకోనుండారా, సచ్చినారా?"

ఇదీ ఆయన కేక. వినగానే ఆడవాళ్లం బిందెలు పట్టుకుని బయటికి వచ్చేవాళ్లం. కొళాయి నాలుగు రోజులకోసారి వచ్చే ఊరు మాది. బిందె కారిందంటే ఇంట్లో అందరం అందరి మీదా అరుచుకునేవాళ్లం. అందుకని ఆయన ఎన్ని తిట్టినా పడేవాళ్లం. పడుతూ పడుతూ తిరిగి అనడం కూడా నేర్చుకున్నాం.

సైకిల్ గోడకు ఆనించి, కుంపటి పెట్టుకుని కూర్చుని, బిందెను ముందు వేలి కణుపుతో కొట్టేవాడు. తర్వాత చెవి దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకునేవాడు. డాక్టరు గుండె చూసినట్టు ఉండేది.

"ఏమ్మే, దీంట్లో నీళ్లు తెచ్చినావా, దీంతో మీ ఆయన్ని కొట్టినావా?"

"రెండూ చేసినా తాతా. సొట్ట కూడా పడిండాది సూడు," అనేది మా పక్కింటి ఈరక్క.

"ఆయన తలకాయ బాగుండాదా?"

"దానికి నువ్వు మాటు ఎయ్యలేవులే."

చిల్లు అనే మాట ఆయన ఎప్పుడూ అనేవాడు కాదు. నోరు అనేవాడు. "ఈ బిందెకు ఇంగో నోరు లేసింది. మీ ఇంట్లో ఉండుకోని నేర్చుకున్యాది" అనేవాడు. మూడు చోట్ల కారే బిందెను చూస్తే, "ఇది బిందె కాదు, మీ అత్త" అనేవాడు. ఈరక్క అత్త ఆ మాట విని లోపలి నుంచి ఇంకో నాలుగు మాటలు అంటే, "సూసినావా, నాలుగో నోరు కూడా తెరుచుకునింది" అనేవాడు.

పని మొదలయ్యాక ఆయన రెండు చేతులకూ తీరిక ఉండేది కాదు. ఒక చేయి తిత్తి ఊదాలి, ఒక చేయి బిందె తిప్పాలి. అందుకని మాటు కడ్డీని ఎడమ పక్క పళ్ల మధ్య బీడీలాగా పెట్టుకునేవాడు. కుడి పక్క నోటితో మాట్లాడేవాడు. కడ్డీ మంచిదో కాదో కూడా పంటితోనే చూసేవాడు. కొరికి, కళ్లు మూసి, బెల్లం రుచి చూసినట్టు తల ఊపేవాడు.

"పన్ను మెత్తగా దిగల్ల. దిగితేనే మాటు నిలబడతాది. నా మాటుకు సావు లేదు. మీ బిందె అరిగిపోయి గాలికి ఎగిరిపోయినా నా మాటు ఆడనే కూర్చోనుంటాది."

ఆ కడ్డీలో సగం సీసమని మాకు తెలియదు. తెలిసినా సీసం అంటే ఏమిటో మాకు తెలియదు.

నేను మా ఊరి బడిలో పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండుతాను. పిల్లలు తాగే నీళ్లు నింపి పెట్టేది కూడా నేనే. ఊరి రైతు ఒకాయన బడికి ఒక పెద్ద ఇత్తడి గంగాళం ఇచ్చాడు. పిల్లలు అందులో చేతులు, మోచేతులు, ఒక్కోసారి పలకలు కూడా ముంచేవారు. మా హెడ్మాస్టరు సారు దానికి అడుగున ఒక కొళాయి పెట్టించమని తాతను పిలిపించాడు. అది ఒక రోజంతా పట్టింది. గంగాళానికి బొక్క చేసి, కొళాయి దూర్చి, చుట్టూ బొటనవేలంత మందాన మాటు పోశాడు. అయ్యాక మొదటి దోసెడు నీళ్లు తనే తాగి, "నా పెండ్లి నాడు కూడా ఇంత బాగా కుదరలేదు" అన్నాడు.

అప్పటి నుంచి మా బడి ముందు నుంచి ఎప్పుడు పోయినా సైకిల్ దిగేవాడు. దాహం ఉన్నా లేకున్నా కొళాయి తిప్పి ఒక దోసెడు తాగేవాడు. చుక్క కారుతుందేమోనని కింద వేలు పెట్టి చూసేవాడు. వేలు పొడిగా ఉంటే నా వైపు తిరిగి, "మీ సారు ఉజ్జోగం ఊడిపోయినా ఇది ఊడదు" అనేవాడు. సారు ఎదురుగా ఉన్నా అనేవాడు.

తర్వాత ఊళ్లోకి స్టీలు బిందెలు వచ్చాయి, ప్లాస్టిక్ బిందెలు వచ్చాయి, ప్లాంటు నీళ్ల క్యాన్లు వచ్చాయి. తాతకు పని తగ్గింది. నోరు మాత్రం తగ్గలేదు. ఇత్తడి బిందెలు ఉన్న ఇళ్లు ఇంకా కొన్ని ఉన్నాయి. వాటిలో నీళ్లు చల్లగా ఉంటాయని, పూజకు అవే కావాలని వాడేవాళ్లం.

ఆయనకు కడుపునొప్పి పట్టుకుంది. వాము నీళ్లు తాగాడు, మిరపకాయలు దిగదుడిపించుకున్నాడు, ఎవరో చెప్పారని వారం రోజులు ఉత్త సంగటే తిన్నాడు. తగ్గలేదు. కుడి చేయి మణికట్టు దగ్గర వాలిపోవడం మొదలైంది. సుత్తి జారి పడితే సుత్తినే తిట్టేవాడు. అనంతపురంలో నర్సు చదువుతున్న మనవరాలు వచ్చి, బలవంతంగా డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. రక్తం బెంగళూరుకు పంపించారు.

ఫలితం వచ్చిన రోజు మేమంతా నీళ్ల ప్లాంటు దగ్గర క్యాన్లు పెట్టుకుని నిలబడి ఉన్నాం. తాత వచ్చి అందరి ముందూ నిలబడ్డాడు.

"మీ అందరి ఒంట్లో రగతం ఉండాది. నా ఒంట్లో సీసం ఉండాదంట. డాక్టరే చెప్పినాడు."

"అయితే నువ్వు కారవులే తాతా" అంది ఈరక్క.

అందరం నవ్వాం. ఆయనా నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించాడు. ఆయన గొంతు తగ్గించడం నేను చూడటం అదే మొదటిసారి.

"మాటు ఏసిన బిందెలో నీళ్లు తాగినోళ్లకూ రోంత రోంత దిగుతాదంట. పెద్దోళ్ల కన్నా పిల్లోల్లకు శానా చెడ్డంట. సదివింది తలకెక్కదంట."

అప్పుడే ఎవరిదో క్యాను నిండి పొర్లింది. అందరూ అటు అరిచారు. తాత చెప్పిన రెండో మాట నాకొక్కదానికే వినబడినట్టుంది. నేను కూడా వినబడనట్టు నా క్యాను మూత బిగించుకున్నాను. నాకు కళ్ల ముందు కనబడింది బడి గంగాళం. నా కూతురు అదే బడిలో నాలుగో తరగతి. రోజూ ఆ కొళాయి కింద నోరు పెట్టి తాగుతుంది.

పది రోజులకు తాతకు పార్శిల్ వచ్చింది. మనవరాలు ఫోన్లో తెప్పించింది. ఒక డబ్బా, అందులో ముప్పై పుల్లలు. చెవిలో పెట్టుకునే పుల్లల్లాగే ఉంటాయి, కొంచెం లావు. పుల్లను రెండు చోట్ల నొక్కి, ఊపి, వస్తువు మీద రుద్దాలి. పుల్ల కొన పసుపుగా ఉంటే ఏమీ లేదు. ఎర్రబడితే సీసం ఉంది. ఎంత ఉందో అది చెప్పదు, ఉందో లేదో అంతే. మనవరాలు వీడియోలో చూపించి చెబితే తాత మొత్తం బట్టీ పట్టాడు. డబ్బా మీద అంతా ఇంగ్లీషు. అయినా ఎవరైనా అడిగితే కళ్లకు దూరంగా పెట్టి, చదివినట్టే పెదాలు కదిలించేవాడు.

మొదటి పుల్ల తన మాటు కడ్డీ మీద రుద్దాడు. ఎర్రబడింది. రెండో పుల్ల నోట్లో పెట్టి పళ్ల మీద రుద్దుకోబోతే మనవరాలు ఫోన్లోంచే కేకలు పెట్టిందట. ఆ తర్వాత తలుపు మీద, మేక మెడలో గంట మీద, చెప్పుల మీద, భార్య అట్లపెనం మీద రుద్దాడు. భార్య మిగిలిన డబ్బా ఆయన చేతిలో కుక్కి, "నీ మాట్ల మీద రుద్దుకోపో, నా పెనం జోలికి రావద్దు" అని వీధిలోకి తరిమింది.

అలా ఆయన మా వీధికి వచ్చిన రోజు శ్రావణ శుక్రవారం.

"ఏమ్మే, మాట్ల బిందెలు బయటికి తెండి. పరీచ్చ చెయ్యల్ల."

పుల్లను చూడగానే ఈరక్క అత్త కొంగుతో ముక్కు మూసుకుంది. "కరోనా పుల్ల! ముక్కులో పెడ్తాడు, పొండి లోపలికి!"

"ముక్కులో కాదే ముసల్దానా, బిందెలో. సీసం ఉండాదా లేదా సూస్తాండా."

"ఉంటే?"

"ఉంటే పారెయ్యల్ల."

"ఏసింది నువ్వే కదా?"

"అందుకే వచ్చినా."

ఆడవాళ్లం బిందెలు తెచ్చాం. పండగ రోజు కదా, పొద్దున్నే తోమి పెట్టుకున్నవే. మాలో ఒక అలవాటు ఉంది. పూజకు పెట్టే బిందెకు మాటు కనబడితే చిన్నతనం. అందుకని పసుపు ముద్ద ఆ మాటు మీదే అద్ది, కుంకుమ బొట్టు కూడా దాని మీదే పెడతాం. తాత అడిగాడని కొంగుతో తుడిచి ఇచ్చాం. తుడిచాం కదా, ఇంకేముంది అనుకున్నాం. తాతకు కళ్లు మసక. ఆయన మాటును వేలితో వెతుక్కుని, దాని మీద పుల్ల పెట్టి రుద్దాడు.

మొదటి బిందె ఎరుపు. రెండోది ఎరుపు. పది బిందెలు చూస్తే పదీ ఎర్రగా, కుంకుమ కంటే ఎర్రగా వచ్చాయి. అనుమానం తీరక ఒక్కో బిందెకు రెండేసి పుల్లలు వాడాడు. ఒక బిందెకు మూడు. చూస్తుండగా వీధి అంతా గోలైంది.

"నా మోకాలినొప్పి దీంతోనే వచ్చింటాది!"

"మా ఆయన తాగుడు కూడా దీంతోనేనా తాతా?"

"అది సీసాతో వచ్చింది, సీసంతో కాదు" అంది ఈరక్క. వెంటనే తనకూ ఒక సందేహం వచ్చింది. "మా అత్త నోరు ఇట్లయ్యేదానికి ఇదేనా కారణం?"

ఒకామె బిందెను వీధిలో గిరాటేసింది. ఇంకొకామె తాత చొక్కా పట్టుకుంది. "ఊరంతా విషం పోసి, ఇప్పుడు పుల్ల తీసుకోని సూసేదానికి వచ్చినావా?" తాత తల వంచుకుని నిలబడ్డాడు. నలభై ఏళ్లుగా మమ్మల్ని తిట్టినవాడు ఒక్క తిట్టు కూడా తిరిగి ఇవ్వకపోతే మాకే భయమేసింది.

అప్పుడు ఈరక్క అత్త ముక్కు మీద నుంచి కొంగు తీసింది. ముందుకు వచ్చి, తన నుదురు చూపించింది. రూపాయి బిళ్లంత కుంకుమ బొట్టు.

"అన్నీ ఎరుపే వస్తాండాయి కదా. ఈడ రుద్దు సూద్దాం."

తాత రుద్దాడు. ఎర్రబడింది.

"అయితే నా తలకాయలో కూడా సీసమేనా? మాటు నువ్వే ఏసినావా, మా అమ్మ ఏసిందా?"

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత అందరికీ ఒకేసారి అర్థమైంది. అంత నవ్వు మా వీధిలో పెళ్లిళ్లప్పుడు కూడా వినలేదు. బిందె గిరాటేసినామె దాన్ని తెచ్చుకుని సొట్ట చూసుకుంది. చొక్కా పట్టుకున్నామె చొక్కా సర్దింది. "పుల్ల కాదు, నీ కండ్లు పరీచ్చ చేయించుకో తాతా" అని ఓళిగలు పెట్టి పంపబోయారు.

"నగేది కాదమ్మే" అన్నాడు తాత. "కుంకుమ కుంకుమే. దాని కింద ఉండేది నాదే. బాగా తోమి మళ్ల సూడల్ల."

ఎవరూ వినలేదు. అందరూ బిందెలు లోపల పెట్టుకున్నారు. డబ్బాలో చూస్తే రెండే రెండు పుల్లలు మిగిలాయి. ఇంకో డబ్బా రావాలంటే నెల పడుతుందట.

సోమవారం మధ్యాహ్నం పిల్లలు అన్నాలు తిని తరగతుల్లోకి పోయాక, తాత బడికి వచ్చాడు. సైకిల్ మీద చింతపండు, బూడిద, పీచు, సుత్తి. ఎందుకొచ్చాడో నాకు అడగకుండానే తెలిసింది. వంటగది వాకిట్లో అడ్డంగా నిలబడ్డాను.

"ఈడ వద్దు తాతా."

"ఈడనే కావల్ల. వీధిలో బిందెలు నెల తర్వాతైనా సూస్తా. ఈడ అరవై మంది పిల్లోల్లు దినామూ తాగుతాండారు."

"అది ఎర్రబడితే నా గతేంది? నీళ్లు పోసేది నేను. నా పనికి ఇద్దరు కాసుకోనుండారు."

"నీ బిడ్డ కూడా తాగుతాది కదమ్మే."

పక్కకు జరిగాను.

గంగాళంలో నీళ్లు చెట్లకు పోశాం. ఆయన కొళాయి చుట్టూ చింతపండు పెట్టి తోమాడు, బూడిద పెట్టి తోమాడు. కుడి చేయి వాలిపోతుంటే ఎడమ చేత్తో తోమాడు. చివరికి నేనే పీచు లాక్కుని తోమాను. ఈసారి బొట్టు లేదు, పసుపు లేదు. మాటు వెండిలాగా మెరిసింది. తాత పుల్ల నొక్కి, ఊపి, రుద్దాడు. తర్వాత దాన్ని నాకు ఇచ్చాడు.

"నాకు సరిగా కనపడదు. ఏ రంగమ్మే?"

పుల్ల కొన ఎర్రబడుతోంది. నేను చూస్తుండగానే ఇంకా ముదిరింది. రేపటి నుంచి ఏదో ఒక సాకు చెప్పి గంగాళాన్ని మూలన పెట్టేయొచ్చు, ఎవరికీ తెలియనక్కర లేదు అనుకున్నాను. అంత ఆలోచన ఒక్క క్షణంలో ఎలా వచ్చిందో నాకు తెలియదు.

"పసుపే తాతా. మారలేదు."

"మారలేదా?"

"లేదు."

ఆయన తల గుడ్డ తీసి ముఖం తుడుచుకున్నాడు.

"మ్మే, ఈ మాటులో సగం తగరం, సగం సీసం. నేనే కరిగించి కలిపినా. ఇది బరువైన కొళాయి, నిలబడల్ల అని సీసం రోంత ఎక్కువే ఏసినా. మారకుండా యాడికి పోతాది?"

"తెలిసీ నన్నెందుకు అడిగినావు?"

"నాకు తెలిస్తే సాలదు కదమ్మే. శుక్రవారం సూసినావు కదా, నా మాట ఎవరు విన్యారు? రంగు సూసి చెప్పే మనిషి ఒకరు కావల్ల. నువ్వు అనుకున్యా."

ఆయన నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ఎన్నో తిట్లు వచ్చిన మనిషి. నాకు ఏడుపొచ్చింది.

"ఏడ్సేది మళ్ల పెట్టుకో" అన్నాడు. "మీ సారును పిలువు. ఇంగో పుల్ల ఉండాది."

సారు వచ్చాడు. సారు వెనక తరగతులన్నీ వచ్చాయి. సారు పుల్లను అటూ ఇటూ తిప్పి, "ఇది గవర్నమెంటు వాళ్లు ఇచ్చిన పుల్లేనా?" అని అడిగాడు.

"గవర్నమెంటు ఇచ్చింటే ఈపాటికి ఇరిగిపోయింటాది" అన్నాడు తాత.

చివరి పుల్ల. సారు తనే రుద్దాడు. ఎవరూ నా ముఖం చూడటం లేదు, అందరూ పుల్లనే చూస్తున్నారు. అయినా తాత నా వైపే తిరిగి అడిగాడు.

"ఏ రంగమ్మే?"

"ఎరుపు" అన్నాను. "ఎరుపు సార్. ఇంతకుముందు రుద్దింది కూడా ఎరుపే. తాతకు నేను పసుపని చెప్పినా."

సారు కళ్లద్దాల పైనుంచి నన్ను చూశాడు.

"కొళాయి పీకేయల్ల సార్" అన్నాడు తాత. "ఊరికే పక్కన పెడితే ఎండాకాలం నీళ్లు సాలక మళ్ల దీన్నే తెచ్చుకుంటారు."

సుత్తి ఎత్తి కొట్టాడు. కొళాయి కదల్లేదు. ఇంకోసారి కొట్టాడు. సుత్తి జారి పడింది. సారు చొక్కా చేతులు మడిచి సుత్తి తీసుకున్నాడు. నాలుగు దెబ్బలు వేశాడు, రెండు గంగాళానికి, ఒకటి నేలకు, ఒకటి తన బొటనవేలికి. మాటు చెక్కు చెదరలేదు. పిల్లలు ఒక్కో దెబ్బకూ "ఒకటీ, రెండూ" అని లెక్కపెట్టడం మొదలుపెట్టారు.

తాత ముఖం చూడాలి. దాన్ని పీకకపోతే నిద్రపట్టని మనిషి. కానీ సారు దెబ్బలకు అది నిలబడుతుంటే ఆయన మీసం కింద నవ్వు దాగడం లేదు.

"సూసినారా! ఎట్ల నిలబడుకోనుండాదో సూసినారా! నేను చెప్పలేదా సార్, మీ ఉజ్జోగం ఊడినా..."

"తాతా, అది ఊడాలి" అన్నాడు సారు, బొటనవేలు నోట్లో పెట్టుకుని.

"ఊడాల్లే సార్, ఊడాల్లే. అయినా సూడండి."

నేను వంటగదిలోకి పోయి కారం దంచే రోకలి తెచ్చాను. నాకు అప్పుడు తాత మీద కోపమా, నా మీద కోపమా, ఏదో తెలియదు. రెండు చేతులతో ఎత్తి మళ్లీ మళ్లీ వేశాను. పిల్లలు "పంతొమ్మిదీ" అన్నారు. ఇరవయ్యో దెబ్బకు కొళాయి, దాంతోపాటు చుట్టూ ఉన్న ఇత్తడి ముక్క కూడా ఊడి పడ్డాయి. గంగాళమే చిరిగింది, మాటు మాత్రం కొళాయిని పట్టుకునే ఉంది. తాత దాన్ని ఎత్తుకుని, బొటనవేలితో నిమిరి, గుడ్డలో చుట్టుకుని సంచిలో వేసుకున్నాడు.

సారు చూశాడు, పిల్లలు చూశారు కాబట్టి ఈసారి వీధి నమ్మింది. ఆడవాళ్లు బిందెలు తెచ్చారు. బాగా కారుతున్నవి, పాతవి ముందు తెచ్చారు. కొత్తగా ఉన్నవి ఏడుస్తూ తెచ్చారు. తాత కూర్చుని ఒక్కో మాటునూ వేలితో చూపించేవాడు, మళ్లీ నీళ్లకు వాడకుండా నేను మేకు పెట్టి పక్కన ఇంకో బొక్క పొడిచేదాన్ని. అన్నేళ్లు మూసిన చిల్లుల పక్కనే చిల్లులు పొడిపించాడు. "గట్టిగా కొట్టమ్మే, నీకు అన్నం పెట్టడం లేదా బడిలో?" అని తిట్టాడు. తిట్లు తిరిగి వచ్చినందుకు నాకు ప్రాణం లేచి వచ్చింది. ఈరక్క అత్త మాత్రం తన బిందె ఇవ్వలేదు. నీళ్లకు వాడనని ఒట్టు పెట్టి, దాంట్లో మట్టి పోసి కనకాంబరాలు వేసుకుంది.

పిల్లలకు రక్త పరీక్షలు చేయించాలని సారు తిరగని చోటు లేదు. చివరికి చేశారు. కొందరి రక్తంలో సీసం ఉండకూడనంత ఉంది. నా కూతురికీ ఉంది. ఆ నీళ్లు మానేశారు కాబట్టి మెల్లగా తగ్గుతుందని, బాగా తిండి పెట్టమని, కొన్ని నెలలు పోయాక మళ్లీ చూద్దామని డాక్టరు చెప్పాడు. సారు బడికి స్టీలు డ్రమ్ము తెప్పించాడు. నన్ను పని మానేయమని అనలేదు. నేనే ఒకరోజు అడిగితే, "రోకలి ఎత్తగలిగిన వాళ్లు ఇంకెవరున్నారు?" అన్నాడు.

తాత మంచం పట్టాడు. రెండు చేతులూ మణికట్ల దగ్గర వాలిపోయాయి. అన్నం భార్యే తినిపించేది. నేను అప్పుడప్పుడు చూడటానికి పోయేదాన్ని. పోయిన ప్రతిసారీ ఒక్కటే అడిగేవాడు, "పిల్లోల్లకు మళ్ల సూసినారా?" ఇంకా లేదు అని చెప్పేదాన్ని. "మీ సారు నిద్రపోతాండాడా, సచ్చినాడా?" అనేవాడు.

రెండో పరీక్షల ఫలితాలు వచ్చిన రోజు, సారు దగ్గర ఆ కాగితం తీసుకుని ఎండలో నేరుగా తాత ఇంటికి పోయాను. ఆయన గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు.

"తాతా, అందరికీ తగ్గింది. నా బిడ్డకు కూడా తగ్గింది. ఇదో కాగితం."

ఆయన నా వైపు తిరిగాడు. కాగితం వైపు చూడలేదు. నా ముఖం వైపు చూశాడు, ఆ మసక కళ్లతోనే.

"ఆ పొద్దు రంగు చెప్పినట్ల చెప్తాండావా?"

ఒట్టు పెట్టబోయాను.

"ఒట్లు వద్దు. మీ సారును పిల్చుకోనిరాపో."

నాకు కోపం రాలేదు. మళ్లీ ఎండలో బడికి నడిచాను. సారు బండి మీద నన్ను ఎక్కించుకుని వచ్చాడు. మంచం పక్కన కుర్చీ వేసుకుని, కళ్లద్దాలు పెట్టుకుని, ఒక్కో పిల్ల పేరు, ఒక్కో పిల్లవాడి పేరు, మొదట ఎంత ఉంది, ఇప్పుడు ఎంత ఉంది, అన్నీ చదివాడు. మధ్యలో ఒక పేరు వదిలేస్తే తాతే అడిగాడు, "సాకలోళ్ల పిల్లోడు?" సారు అదీ చదివాడు. అందరికీ తగ్గింది.

తాత విన్నాడు. భార్యను పిలిచి సారుకు కాఫీ పెట్టమన్నాడు. వాలిపోయిన చేతిని మంచం అంచు దాకా లాక్కుని, నా వైపు తిరిగాడు.

"ఈ తూరి నిజమే చెప్పినావు పో" అన్నాడు.